సెట్ చేతిలో ఉంది, ముందు మాట్లాడాల్సింది మనమే, అవతలివాడు డ్రాలో ఉన్నాడు

మీరు అడిగింది ముందు క్లుప్తంగా రాస్తాను, కొత్తగా చదివేవాళ్ళకి వీలుగా ఉంటుంది. ఆట నో లిమిట్ హోల్డెమ్ పోకర్: చేతిలో రెండు ముక్కలు, టేబుల్ మీద అందరికీ ఉమ్మడిగా ఐదు (మొదటి మూడూ ఫ్లాప్, నాలుగోది టర్న్, ఐదోది రివర్). ఇద్దరి దగ్గరా 100 బిగ్ బ్లైండ్లు ఉన్నాయి (బిగ్ బ్లైండ్ అంటే ముక్కలు చూడకముందే ఒక సీటు తప్పనిసరిగా పెట్టే పందెం, స్మాల్ బ్లైండ్ అందులో సగం; కింద అంకెలన్నీ బిగ్ బ్లైండ్లలోనే). బటన్ (ఫ్లాప్ నుంచి ప్రతి రౌండ్‌లో ఆఖర్న మాట్లాడే సీటు) 2.5కి రైజ్ చేశాడు, స్మాల్ బ్లైండ్ ఫోల్డ్, బిగ్ బ్లైండ్‌లో ఉన్న మీరు ఆఠీను 9, కళావరు 9తో కాల్ చేశారు. పాట్ (మధ్యలో పడిన మొత్తం) 5.5. ఫ్లాప్‌లో ఇస్పేటు జాకీ, ఇస్పేటు 9, డైమండ్ 4. మీరు చెక్ అన్నారు (ఏమీ పెట్టకుండా వదిలారు), అతను 2 పెట్టాడు, ట్రాప్ చేద్దామని మీరు ఊరికే కాల్ చేశారు. టర్న్ ఆఠీను 2. మీరు చెక్, అతనూ చెక్. రివర్ ఇస్పేటు 6. అప్పటికి 9.5 ఉన్న పాట్‌లో మీరు 7 పెట్టారు, అతను 25కి రైజ్ చేశాడు, మీరు కాల్ చేశారు. అతను ఇస్పేటు ఆసు, ఇస్పేటు 7 చూపించాడు. ఇది నా దురదృష్టమా, నేను తప్పు ఆడానా, అసలు పొజిషన్ లేనప్పుడు (ముందు మాట్లాడాల్సి వచ్చినప్పుడు) పెద్ద హ్యాండ్లని డ్రాల (ఇంకో ముక్క పడితే పూర్తయ్యే చేతుల) మీద ఎలా ఆడాలి అన్నది మీ ప్రశ్న.

ఇస్పేటు రావడం దురదృష్టమే. అందులో మీ తప్పేం లేదు. కానీ ఈ హ్యాండ్‌లో డబ్బు ఎప్పుడెప్పుడు లోపలికి వెళ్ళిందో ఒకసారి చూడండి. ఫ్లాప్‌లో మీ సెట్ (చేతిలో జత, బోర్డు మీద అదే అంకె మూడోది) మీద అతని ఫ్లష్ డ్రాకి (ఒకే రంగు ముక్కలు ఐదు కావడానికి ఇంకొకటి కావాలి) గెలిచే అవకాశం దాదాపు నాలుగింట ఒక వంతు. అంటే మీరు 75 శాతం ముందున్నారు. అప్పుడు మీరు పెట్టింది 2. టర్న్‌లో ఏమీ కలవని ముక్క పడి మీ ఆధిక్యం ఇంకా పెరిగింది. అప్పుడు పెట్టింది సున్నా. రివర్‌లో ఓడిపోయిన స్థితికి వచ్చాక 25 పెట్టారు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమంటారు కదా. మీరు దీపం ఆరిపోయాక ఇల్లు సర్దడం మొదలుపెట్టారు.

చాలామంది ఈ హ్యాండ్ చూసి రివర్ కాల్ గురించే వాదిస్తారు. దాని సంగతి తర్వాత చెప్తాను. నా దృష్టిలో పెద్ద తప్పు ఫ్లాప్‌లో చేసిన ఆ 2 కాల్.

పొజిషన్ లేదంటే ఏమిటో కొంచెం వివరంగా చెప్పాలి. ముందు మాట్లాడాల్సి రావడం ఇబ్బంది అని అందరికీ తెలుసు, కానీ ఆ ఇబ్బంది ఎక్కడుందో చాలామంది పట్టించుకోరు. మీరు చెక్ చేస్తే, ఆ రౌండ్‌లో డబ్బు పడాలా వద్దా అని నిర్ణయించేది అతను. డ్రాలో ఉన్నవాడికి ఒక ముక్క ఉచితంగా కావాలంటే తనూ చెక్ అంటే చాలు, మీరు ఆపలేరు. మీ టర్న్‌లో జరిగింది అచ్చంగా అదే. రివర్‌లో కూడా అంతే. డ్రా తగిలితే పెద్దగా పెడతాడు, తగలకపోతే చెక్ చేసి చేతులు దులుపుకుంటాడు, కావాలంటే బ్లఫ్ చేస్తాడు. మీరు వెనక కూర్చుని ఉంటే ఇవన్నీ మీ చేతిలో ఉండేవి. ముందున్నప్పుడు మీ చేతిలో ఉండేది ఒక్కటే, డబ్బు తొందరగా లోపలికి నెట్టడం.

పొజిషన్‌లో ఉన్నప్పుడు సెట్‌తో నెమ్మదిగా ఆడినా కొంతవరకు చెల్లుతుంది, టర్న్‌లో అతను చెక్ చేస్తే మీరు బెట్ పెట్టుకోవచ్చు. ముందున్నప్పుడు నెమ్మదిగా ఆడితే ఒక రౌండ్ మొత్తం పోవచ్చు. మూడు రౌండ్లలో ఒకటి పోతే పాట్‌కి ఏమవుతుందో అంకెల్లో చూద్దాం.

ఫ్లాప్‌లో 2 కాల్ చేశాక పాట్ 9.5, మీ దగ్గర మిగిలింది 95.5. టర్న్, రివర్ కలిపి స్టాక్ మొత్తం లోపలికి వెళ్ళాలంటే, రెండు రౌండ్లలోనూ పాట్‌కి దాదాపు 1.8 రెట్లు బెట్ పెట్టాలి. ఎవరు పెడతారు? పెట్టినా ఎవరు కాల్ చేస్తారు? అదే ఫ్లాప్‌లో అతని 2 మీద మీరు 9కి చెక్ రైజ్ (ముందు చెక్ చేసి, అతను పెట్టాక రైజ్) చేసి, అతను కాల్ చేస్తే పాట్ 23.5, మీ దగ్గర 88.5. ఇప్పుడు టర్న్‌లో, రివర్‌లో పాట్ కంటే కొంచెం తక్కువ, 0.96 రెట్లు చొప్పున పెడితే స్టాక్ మొత్తం లోపల ఉంటుంది. ఇది మామూలు బెట్, జనం కాల్ చేసే బెట్. ఫ్లాప్‌లో అదనంగా పెట్టిన ఆ 7 బిగ్ బ్లైండ్లే రివర్‌లో మీరు గెలవగలిగే పాట్‌ని ఇన్ని రెట్లు పెంచుతున్నాయి. పాట్ చక్రవడ్డీలా పెరుగుతుంది, మొదటి రౌండ్‌లో తప్పిపోయిన వడ్డీ ఆఖర్న ఎంత లాగినా రాదు.

అందుకని ఇలాంటి బోర్డు మీద, బటన్ చిన్న బెట్ పెట్టినప్పుడు, సెట్‌తో నేను చెక్ రైజ్ చేస్తాను. ప్రతిసారీ కాదు గానీ దాదాపు ప్రతిసారీ. ఎంతకి? అతని బెట్‌కి నాలుగు, నాలుగున్నర రెట్లు. 2 పెడితే 8 లేదా 9. 5కి రైజ్ చేస్తే అతను ఏ రెండు ముక్కలతోనైనా కాల్ చేస్తాడు, మీకు పాటూ పెరగదు, అతని దగ్గర ఏముందో కూడా తేలదు.

ఇక్కడ చాలామంది 'డ్రాని ఫోల్డ్ చేయించాలి' అంటారు. ఈ మాట వింటే నాకు కొంచెం చిరాకు. సెట్ చేతిలో పెట్టుకుని ఫ్లష్ డ్రాని ఎందుకు తరిమేయాలి? 75 శాతం మీరు గెలిచే పందెంలో అతను డబ్బు పెడతానంటే వద్దంటారా? మన పని అతన్ని వెళ్ళగొట్టడం కాదు, తప్పు ధరకి ముక్క అమ్మడం. పోకర్ రచయిత డేవిడ్ స్క్లాన్‌స్కీ చెప్పిన మూల సూత్రం కూడా ఇదే. మీ ముక్కలు కనిపిస్తే అవతలివాడు ఎలా ఆడేవాడో దానికి భిన్నంగా అతను ఆడిన ప్రతిసారీ లాభం మీది. మీ తొమ్మిదులు కనిపిస్తే అతను కాల్ చేయడు. కనిపించక చేస్తున్నాడు, చేయనివ్వండి.

ధర లెక్క తెలిసినవాళ్ళు ఈ పేరా వదిలేయొచ్చు. సగం పాట్ బెట్ పెడితే కాల్ చేసేవాడికి 25 శాతం అవకాశం ఉండాలి. మూడింట రెండు వంతులు పెడితే సుమారు 28.5, ముప్పావు పాట్ పెడితే 30, పాట్ మొత్తం పెడితే 33. తొమ్మిది అవుట్ల (గెలిపించే ముక్కల) ఫ్లష్ డ్రాకి ఒక ముక్క మీద వచ్చే అవకాశం సుమారు 19, రెండు ముక్కల మీద 35. రెండు వైపులా తెరిచి ఉన్న స్ట్రెయిట్ (వరుసగా ఐదు అంకెలు) డ్రాకి ఎనిమిది అవుట్లు, ఒక ముక్క మీద 17, రెండు మీద 31.5. మధ్యలో ఒక్కటే తక్కువైన గట్‌షాట్‌కి నాలుగు అవుట్లు, ఒక ముక్కకి 8.5. మీ ఎదురుగా ఉన్నవాడు పావు పాట్ బెట్‌కి కాల్ చేయడానికి కావాల్సింది 17 శాతం కన్నా తక్కువ. అందుకే టర్న్‌లో చిన్న బెట్లు పెట్టి 'చార్జ్ చేశాను' అనుకోవడం దండగ.

ఇప్పుడు అసలు చోటికి వద్దాం. మీరు ఫ్లాప్‌లో 9కి రైజ్ చేశారు, అతను ఆసు-7 ఇస్పేటులతో కాల్ చేశాడు అనుకోండి. పాట్ 23.5. టర్న్ అదే ఆఠీను 2. మీరు 17 పెట్టారు. అతనికి 40.5 గెలవడానికి 17 పెట్టాలి. తన దగ్గర తొమ్మిది అవుట్లు ఉన్నాయని అతను అనుకుంటాడు. కనబడని 46 ముక్కల్లో తొమ్మిది, అంటే 19.6 శాతం. కావాల్సింది 29.6. మరి ఎందుకు కాల్ చేస్తాడు? ఇస్పేటు పడితే రివర్‌లో మీ దగ్గర ఇంకా లాగొచ్చని. తగిలిన ప్రతిసారీ మీ దగ్గర నుంచి సగటున ఇంకో 29 చిల్లర వస్తేనే ఆ కాల్ సరిపోతుంది.

కానీ అతనికి తెలియనిది ఒకటి ఉంది. ఆ తొమ్మిది ఇస్పేటుల్లో 4, 2 పడితే బోర్డు పెయిర్ అయి (అదే అంకె రెండోసారి పడి) మీకు ఫ్లష్‌ని కొట్టే ఫుల్ హౌస్ (ఒక అంకె మూడు, ఇంకో అంకె రెండు) వస్తుంది. అతని నిజమైన అవుట్లు ఏడే. ఇద్దరి ముక్కలూ తెలిసిన లెక్కలో మిగిలిన 44లో ఏడు, 16 శాతం లోపే. అలా చూస్తే తగిలినప్పుడల్లా మీరు అతనికి సగటున సుమారు 49 ఇవ్వాలి. అప్పటికి మీ దగ్గర మిగిలేది 71.5.

చూశారా తమాషా. ఇస్పేటు పడిన ప్రతిసారీ మీరు కళ్ళు మూసుకుని 71.5 మొత్తం ఇచ్చేస్తే అతని టర్న్ కాల్ లాభసాటి అవుతుంది. కొన్నిసార్లు ఫోల్డ్ చేసి, కొన్నిసార్లు తక్కువకి చూసి సగటున 49 లోపు ఆపగలిగితే, అతను టర్న్‌లో కాల్ చేసిన క్షణంలోనే నష్టపోయాడు, ఇస్పేటు పడినా సరే. అంటే ఫ్లాప్‌లో, టర్న్‌లో గట్టిగా పెట్టడం, రివర్‌లో చెడ్డ ముక్క పడితే చేతులు ముడుచుకోవడం, ఈ రెండూ ఒకే ఎత్తుగడలో రెండు భాగాలు. మొదటిది చేసి రెండోది చేయనివాడు గెలిచిన డబ్బు తిరిగి ఇచ్చేస్తాడు. రెండోది మాత్రమే చేసేవాడు, అంటే భయంతో ముందు నుంచీ చెక్ చేస్తూ వచ్చేవాడు, గెలిచినప్పుడు కొండను తవ్వి ఎలుకను పడతాడు.

ఇంతవరకు సెట్ గురించి. 'పెద్ద హ్యాండ్' అని మనం ఒకే పేరుతో పిలిచేవి నిజానికి ఒకటి కావు, డ్రాల ముందు ఈ తేడా బయటపడుతుంది.

సెట్‌కి వెనక్కి పుంజుకునే దారి ఉంది. ఫ్లాప్‌లో ఏడు ముక్కలు (మిగిలిన ఒక తొమ్మిది, మూడు జాకీలు, మూడు నాలుగులు) దాన్ని ఫుల్ హౌస్‌గానో నాలుగు తొమ్మిదులుగానో మారుస్తాయి. టర్న్ తర్వాత అవి పది అవుతాయి. ఫ్లాప్ నుంచి రివర్ దాకా చూస్తే మూడింట ఒకసారి మెరుగవుతుంది. అందుకే టర్న్‌లోనే ఇస్పేటు పడినా సెట్‌తో గాభరా అక్కర్లేదు. చెక్ చేసి, సగం పాట్ లాంటి బెట్‌ని కాల్ చేసుకుంటూ పోవచ్చు. అప్పటికి నిజంగా ఓడిపోయి ఉన్నా 21.7 శాతం మళ్ళీ గెలిచే దారి ఉంది, ఆ దారిన గెలిస్తే ఫ్లష్ వచ్చినవాడు బాగా ఇస్తాడు కూడా.

రెండు పెయిర్లకి నాలుగే అవుట్లు. జాకీ-9తో ఇదే ఫ్లాప్‌లో నేను చెక్ రైజ్ చేస్తాను, టర్న్‌లో ఖాళీ ముక్క పడితే గట్టిగా పెడతాను. టర్న్‌లో ఇస్పేటో, రాణో, 10ఓ పడితే మాత్రం బ్రేక్ వేస్తాను. తొమ్మిది శాతం లోపు ఉన్న ఆశ మీద పెద్ద పాట్ నిలబడదు.

ఓవర్ పెయిర్, అంటే బోర్డు మీది ముక్కలన్నిటికన్నా పెద్ద జత, రెండు ఆసులో రెండు రాజులో, అన్నిటికన్నా మోసకారి. చూడ్డానికి గంభీరంగా ఉంటుంది, నిజానికి ఒకే ఒక పెయిర్, మెరుగయ్యే ముక్కలు రెండు. ఇదే జాకీ-9-4 మీద అవతలివాడి దగ్గర ఇస్పేటు రాణి, ఇస్పేటు 10 ఉంటే అతనికి పదిహేను అవుట్లు, రెండు ముక్కలు రావాల్సి ఉండగా 54 శాతం. అంటే మీ రెండు ఆసులు వెనకబడి ఉన్నాయి! అదే హ్యాండ్ మీ సెట్ మీదైతే అతనికి 40 చుట్టూ. కాబట్టి సెట్‌తో ఫ్లాప్‌లోనే 100 బ్లైండ్లు పెట్టడానికి నేను ఆలోచించను. రెండు ఆసులతో ముందు బెట్ పెడతాను, పెద్ద రైజ్ వస్తే కాల్ చేసి టర్న్ చూస్తాను, ఆల్ ఇన్‌కి తొందరపడను. చేతిలో ఇస్పేటు ఆసు ఉందా లేదా అన్నది ఇక్కడ పెద్ద తేడా. ఉంటే అతని దగ్గర అన్నిటికన్నా పెద్ద ఫ్లష్ డ్రా ఉండదు, ఇంకో రెండు ఇస్పేటులు పడితే ఫ్లష్ మీదే.

ప్రీ ఫ్లాప్‌లో రైజ్ చేసింది మీరే అయి, వెనక బటన్ కాల్ చేస్తే కథ వేరు. బిగ్ బ్లైండ్‌లో ఉన్నప్పుడు చెక్ చేస్తే బటన్ చాలాసార్లు బెట్ పెడతాడు, కాబట్టి చెక్ రైజ్ నడుస్తుంది. మీరే రైజ్ చేసి ఫ్లాప్‌లో చెక్ అంటే, అతను పెట్టాలన్న రూలేం లేదు. డ్రా ఉన్నవాడు సంతోషంగా చెక్ చేసి ముక్క తీసుకుంటాడు.

నేను ఆడడం మొదలుపెట్టిన కొత్తలో దీన్ని ఖరీదు పెట్టి నేర్చుకున్నాను. ముందు సీట్ నుంచి రెండు ఆసులతో రైజ్ చేశాను, బటన్ ఒక్కడే కాల్. ఫ్లాప్ రాణి, 7, 6. చెక్ రైజ్ చేసి అందరినీ ఆశ్చర్యపరుద్దామని చెక్ అన్నాను. అతను చిప్స్ వైపు ఒకసారి చూసి, వేళ్ళతో టేబుల్ మీద రెండుసార్లు తట్టాడు, అంటే చెక్. టర్న్ 5. నేను పెట్టాను, అతను రైజ్ చేశాడు, నాకు ఫోల్డ్ చేయడం చేతకాలేదు. అతని దగ్గర 9-8. చాలా రోజులు 'ఫ్లాప్‌లో పెట్టి ఉంటే పారిపోయేవాడు' అని బాధపడ్డాను. అది నిజం కాదు. అంత మంచి డ్రాతో అతను కాల్ చేసేవాడే, ఆ 5 వచ్చేదే, ఆ హ్యాండ్ ఎలాగైనా పోయేది. నేను పోగొట్టుకుంది మిగతా ఆరింట ఐదు సార్లు టర్న్‌లో 5 గానీ 10 గానీ పడనప్పుడు పాట్‌లో ఉండాల్సిన డబ్బు. ఓడిన హ్యాండ్ కళ్ళకి కనిపిస్తుంది, చిన్నగా గెలిచిన ఐదు హ్యాండ్లు ఎవరికీ గుర్తుండవు. మీ ఈ ప్రశ్న కూడా ఇస్పేటు పడింది కాబట్టి అడిగారు. రివర్‌లో డైమండ్ 7 పడి, మీ బెట్‌కి అతను ఫోల్డ్ చేసి ఉంటే, అదే తప్పు చేసి కూడా బాగా ఆడానని నిద్రపోయేవారు.

కాబట్టి మీరు రైజర్ అయి, పొజిషన్ లేకుండా, డ్రాలున్న బోర్డు మీద పెద్ద హ్యాండ్‌తో ఉంటే మీరే బెట్ పెట్టండి, మూడింట రెండు వంతుల నుంచి ముప్పావు దాకా. చెక్ రైజ్ అనేది చెక్ చూస్తే ఆగలేనివాడి మీద దాచుకోండి. ముగ్గురు నలుగురు పాట్‌లో ఉంటే చెక్ రైజ్ ఆశ అసలు పెట్టుకోకండి. అంతమంది ఉన్నప్పుడు రైజ్ చేసినవాడు కూడా జంకుతాడు, అందరూ చెక్ చేస్తే ముగ్గురి డ్రాలకి మీరు ఉచితంగా ముక్క ఇచ్చినట్టు. అలాంటి చోట బిగ్ బ్లైండ్ నుంచి నేరుగా బెట్ వేయడానికి నేను వెనకాడను. దాన్ని 'డాంక్ బెట్' అని వెక్కిరిస్తారు, వెక్కిరించనివ్వండి.

నెమ్మదిగా ఆడడం ఎప్పుడూ తప్పని నేను అనను. రాజు, 7, 2 మూడూ మూడు రంగుల్లో పడి మీ దగ్గర సెట్ ఉంటే, తర్వాతి ముక్కకి భయపడాల్సింది దాదాపు ఏమీ లేదు. అక్కడ కాల్ చేసి అవతలివాడికి తాడు వదలొచ్చు.

సాల్వర్ (సరైన ఆట లెక్కగట్టే సాఫ్ట్‌వేర్) వాడేవాళ్ళు ఒక మాట అంటారు. చెక్ రైజ్‌లన్నీ సెట్లు, రెండు పెయిర్లే అయితే తెలివైనవాడు ఫోల్డ్ చేసేస్తాడు కదా అని. నిజమే, అందుకే మీ సొంత డ్రాలతోనూ, అంటే రాణి-10, 10-8, కొన్ని ఇస్పేటు జతలతోనూ అలాగే అదే సైజులో చెక్ రైజ్ చేయాలి. చిన్న బ్లైండ్ల టేబుళ్ళలో దీని గురించి బెంగ పెట్టుకోనక్కర్లేదు. అక్కడ జనం మీ రేంజ్ (మీ దగ్గర ఉండగలిగే చేతులన్నీ) లెక్క వేయరు, వాళ్ళ ముక్కలు వాళ్ళు చూసుకుంటారు.

టర్న్‌లో ఏ ముక్క పడితే ఏం చేయాలో ముందే అనుకుని ఉండండి. ఖాళీ ముక్కైతే పెట్టండి, రెండో ఆలోచన వద్దు. ఫ్లాప్‌లో చెక్ రైజ్ చేసి, ఏమీ కలవని టర్న్‌లో చెక్ చేయడం నేను చూసే తప్పుల్లో అతి సాధారణమైనది, మళ్ళీ ఉచిత ముక్క ఇవ్వడమే అది. ఇస్పేటు పడితే చెక్, మధ్యస్థ బెట్‌కి కాల్. రాజు, రాణి, 8, 7 లాంటివి పడితే స్ట్రెయిట్ పూర్తయి ఉండొచ్చు, కానీ ఆ ముక్కలన్నిటికీ ఒకే బరువు లేదు. రాజు పడితే రాణి-10కి తగిలింది, అది బటన్ దగ్గర బాగా ఉండే హ్యాండ్. 7 పడితే 10-8కి తగిలింది, అది తక్కువ. 7 మీద నేను బెట్ ఆపను. బోర్డు పెయిర్ అయితే పండగే, ఆ పెయిర్ ఇస్పేటుతో అయితే ఇంకా పండగ. రివర్‌లో ఇస్పేటు 4 పడి ఫ్లష్ వచ్చినవాడు ఎదురుగా కూర్చుని ఉంటే చెక్ చేసి తెలివి చూపించకండి, పెద్దగా పెట్టండి. అతను ఫోల్డ్ చేయడు.

ఎదురుగా కూర్చుని ఆడేవాళ్ళకి ఒక చిన్న సంగతి. రెండు ముక్కలూ ఒకే రంగువైతే మనిషికి గుర్తుంటుంది, రెండు రంగులైతే ఏది ఏ రంగో మర్చిపోతాడు. మూడో ఇస్పేటు పడగానే అంచు ఎత్తి తన ముక్కలు మళ్ళీ చూసుకున్నవాడి దగ్గర సాధారణంగా ఫ్లష్ ఇంకా లేదు, ఒక ఇస్పేటు ఉందేమోనని చూసుకుంటున్నాడు. అసలు ముక్కలు ముట్టుకోకుండా చటుక్కున మీ చిప్స్ వైపు చూసినవాడే ప్రమాదం. ఇది శాసనం కాదు, కానీ నాకు చాలాసార్లు డబ్బు మిగిల్చింది.

ఇక మీ రివర్ సంగతి. ముందు మీ 7 బెట్. టర్న్‌లో అతను చెక్ చేశాడు కాబట్టి జాకీ పెయిర్ లాంటివి కాల్ చేస్తాయని మీరు ఆశించారు, ఆలోచన తప్పు కాదు. కానీ 7 అంటే 9.5లో ముప్పావు. మూడో ఇస్పేటు పడ్డాక అంత బెట్‌కి ఒంటి జాకీ చాలాసార్లు పారిపోతుంది, ఫ్లష్ మాత్రం పారిపోదు. 3 పెట్టి ఉంటే జాకీలు, ఒక్కోసారి 9లు కూడా చూసేవి. తర్వాత 25కి రైజ్. మీరు ఇంకా 18 పెట్టాలి, గెలిస్తే వచ్చేది 41.5, కావాల్సింది 30 శాతం. ఇప్పుడు అడగాల్సింది 'నా దగ్గర సెట్ ఉంది కదా' అని కాదు. ఈ బోర్డు మీద, మీ ముప్పావు బెట్ మీద, సెట్ కన్నా తక్కువ దానితో ఎవరు రైజ్ చేస్తారు? రెండు పెయిర్లు చాలామంది కాల్ మాత్రమే చేస్తారు. మిగిలేవి ఫ్లష్‌లు, బ్లఫ్‌లు. మీ తొమ్మిదులు ఆఠీను, కళావరు, మీ చేతిలో ఒక్క ఇస్పేటూ లేదు, అంటే అతని ఫ్లష్‌లలో ఒక్కదానికీ మీరు అడ్డం కాదు. చిన్న బ్లైండ్ల ఆటలో రివర్ రైజ్ బ్లఫ్‌లు పదింట మూడు కూడా ఉండవని నా అనుభవం. నేనైతే ఫోల్డ్ చేసేవాణ్ణి, తిట్టుకుంటూనే. ప్రతి పాట్‌లో చేయి పెట్టే దూకుడు మనిషి అయితే కాల్ చేసేవాణ్ణి. మీరు అతని గురించి ఏమీ రాయలేదు.

స్టాక్ లోతు గురించి కూడా మీరు అడగలేదు గానీ అడగాల్సింది. ఇదే హ్యాండ్ 40 బ్లైండ్లతో అయితే ఫ్లాప్‌లో 9కి రైజ్ చేశాక మీ దగ్గర 28.5, పాట్ 23.5. టర్న్‌లో ఏ ముక్క పడినా సెట్‌తో మొత్తం తోసేయండి, ఇస్పేటు పడినా అంతే, పెద్దగా ఆలోచించేది లేదు. 200 బ్లైండ్లతో అయితే వ్యవహారం తిరగబడుతుంది. టర్న్‌లో అదే 17 పెట్టాక వెనకాల ఇంకా 171.5 ఉంటుంది. ఫ్లష్ తగిలితే మీ దగ్గర అంత లాగొచ్చన్న ఆశతో అతను చేసే కాల్‌కి అర్థం ఉంటుంది. అక్కడ టర్న్ బెట్ పాట్ అంతా, కొన్నిసార్లు పాట్ దాటి పెట్టాలి. రెండు ఆసులతో అయితే ఉల్టా, పాట్ చిన్నగా ఉంచుకోవాలి. తొమ్మిదుల సెట్‌తో ఉండి కూడా, ఫ్లాప్‌లోనే 200 మొత్తం లోపలికి తోస్తానంటున్న జాగ్రత్తపరుడి చేతిలో రెండు జాకీలు ఉన్నాయేమోనని ఒక్క క్షణం ఆగాలి.